ఫోనులో అడిగిన మొదటి మాట

2021, పంచాయతీ ఎన్నికలు ముగిసిన వారం. పత్తికొండ వైపు ఒక ఊరిలో రెండు వర్గాలు కొట్టుకుంటే 144 సెక్షన్ పెట్టారు. నేను అంబులెన్సులో ఈఎంటీని, అంటే ఆస్పత్రి చేరేదాకా రోగిని చూసుకునేవాణ్ణి. బండి నడిపే మస్తాన్‌ను మా వృత్తిలో పైలట్ అంటారు.

పొద్దున ఆ ఊరి నుంచి కాన్పు కేసు వచ్చింది. మాకు సీన్ సేఫ్టీ అని ఒక నియమం ఉంది. ప్రమాదం లేదని తేలేదాకా లోపలికి పోకూడదు. ఆ ఊరికి రెండు దారులు, ఒక్కోటి ఒక్కో వర్గం వీధిలోంచి పోతుంది. ముందురోజే తప్పు వీధిలోకి పోయిన జీపు అద్దాలు పగలగొట్టారు. ఊరి బయట పోలీసు పికెట్ దగ్గర బండి ఆపించి, ఆ ఇంటికి ఫోను చేశాను.

"మా కోడలికి నొప్పులొస్తాండాయి నాయనా. జప్పున రా," అంది ఒక పెద్దామె.

"మీరు ఏ వర్గమమ్మా?" అన్నాను.

ఆమె వెనక నుంచి మగగొంతు వినిపించింది. "ఫోను పెట్టెయ్ మా! వాళ్ళ మనుషులే అయ్యుంటారు."

మళ్ళీ చేస్తే స్విచాఫ్.

"ఏమప్పా, ఓట్లకొచ్చినోని మాదిరి వర్గమడిగితివి?" అన్నాడు మస్తాన్.

"యా దారిన పోవాలో తెలియాల గదప్పా."

అది సగం నిజం. మిగతా సగం భయం. పోలీసులను వెంట రమ్మని అడగొచ్చు. అదీ చేయలేదు. నియమం చాటున కూర్చున్నాను.

చాలాసేపటికి ఆ కోడలిని తీసుకుని చేలదారిన ట్రాక్టరు వచ్చింది. కాన్పు ట్రాలీలోనే అయిపోయింది. పుట్టిన ఆడపిల్ల ఏడుస్తోంది. తల్లికి రక్తం ఆగడం లేదు. కాన్పు కాగానే వేస్తే రక్తస్రావం తగ్గించే ఆక్సిటోసిన్ సూది పొద్దుటి నుంచీ నా పెట్టెలోనే ఉంది. అప్పుడు వేశాను. సెలైన్ ఎక్కిస్తూ ఆస్పత్రికి చేర్చాం. ప్రాణం నిలిచింది కానీ గర్భసంచి తీసేయాల్సి వచ్చింది.

వార్డు బయట ఆ అత్త నా గొంతు గుర్తుపట్టింది.

"నువ్వేనా వర్గమడిగినోడివి? కోడలి పేరన్నా అడక్కపోతివే!"

"ఏం పేరమ్మా?"

"ఇప్పుడెందుకులే నాయనా," అని మొహం తిప్పుకుంది. సునీత అని కేస్ షీటులో చూసుకున్నాను.

ఆలస్యం వల్లే అలా జరిగిందని డాక్టర్లు అనలేదు. కాదనీ అనలేదు. నియమాన్ని నేను తప్పుపట్టను, దాని వల్లే మేమూ ఇళ్ళకు చేరుతున్నాం. నేను మార్చుకున్నది ఫోనులో అడిగే మాట. ముందు ఆమె పేరు, తర్వాత నొప్పులు ఎప్పటి నుంచి అని. ఆ తర్వాతే, "బండి యా వైపు నుంచి వస్తే మీకు అనుకూలమమ్మా?" అంటాను. వాళ్ళు దారి చెప్తారు. ఏ వర్గమో అందులోనే తెలిసిపోతుంది. తెలియనట్టే ఉంటాను.