కుట్టు పడని గాయం

రత్నరాజు చేతికి ప్లాస్టరు చుట్ట అందితే చాలు, తెగిన ఒళ్లు దానంతటదే అతుక్కుంటుందని కూర్మన్నపాలెం పనివాళ్లలో పేరు. స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. ఓ కంట్రాక్టరు కంపెనీ రేకుల షెడ్డులో ప్రథమ చికిత్స గది పెట్టి, అందులో ఆయన్ని కూర్చోబెట్టింది. ఆయన డాక్టరు కాదు, కాంపౌండరూ కాదు. కుర్రతనంలో మిషను ఆస్పత్రిలో కట్లు కట్టడం నేర్చుకుని, డెబ్భైల్లో పదేళ్లపాటు హార్బరు కూలీల గాయాలు చూసిన మనిషి. అయినా అందరూ డాక్టరు బాబు అనేవాళ్లు. ఆయన కాదనేవాడు కాదు. ఆ పిలుపు ఒంటికి పట్టేసింది.

పనితనం మాత్రం నిజంగా ముచ్చటేసేది. గాయాన్ని కాచి చల్లార్చిన నీళ్లతో ఓపిగ్గా కడిగేవాడు. శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి, నెత్తురు ఆగేదాకా పిల్లల కబుర్లు అడిగేవాడు. చుట్టుపక్కల చర్మం తడి లేకుండా తుడిచి, పట్టు కోసం టింక్చరు రాసేవాడు. ప్లాస్టరు ముక్కను నడుము దగ్గర సన్నగా కత్తిరించి, జిగురు గాయానికి తగలకుండా ఆ సన్నటి చోటు లోపలికి మడిచేవాడు. సీతాకోకచిలుక తయారయ్యేది. ఒక రెక్క ఈ పక్క అంటించి, గాయం అంచులు రెండూ వేళ్లతో దగ్గరకు తెచ్చి, రెండో రెక్క ఆ పక్క అంటించేవాడు. వారం పోయాక విప్పితే సన్నటి గీత తప్ప ఏమీ ఉండేది కాదు.

అక్కడ కుట్లు తప్పడమంటే నొప్పి తప్పడం ఒక్కటే కాదు. గేటు దగ్గర ఓ బోర్డు ఉండేది. ప్రమాదం లేని రోజులు అని రాసి, కింద అంకె వేసేవారు. ఎవరికైనా ఆస్పత్రిలో కుట్టు పడితే అది ప్రమాదం, అంకె మళ్లీ సున్నా. షెడ్డులో ప్లాస్టరు పడితే ఏమీ జరగనట్టే. అంకె నూరు చేరితే మనిషికో స్టీలు కేరియరు ఇస్తామని మేనేజరు మాటిచ్చాడు. ఏ మహానుభావుడు కనిపెట్టాడో గానీ దిక్కుమాలిన పద్ధతి అది. ఒకసారి ఎనభై దాటాక తవిటయ్య అనే వెల్డరుకు మోకాలి మీద కుట్లు పడితే, నెల్లాళ్లు అతనితో ఎవరూ మాట్లాడలేదు.

ఎనభై నాలుగులో, బోర్డు మీద తొంభై ఏడు ఉన్న రోజు మధ్యాహ్నం, కాశమ్మ షెడ్డుకొచ్చింది. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి వలస వచ్చి, ఇనప తట్టలతో కాంక్రీటు మోసే మనిషి. రేకు అంచు జారి కుడిచేతి చూపుడు వేలు మొదట్లో, అరచేతి వైపు తెగింది. గాయం అంగుళం కూడా లేదు. వెనకే మేస్త్రీ కొండలరావు, మరో పదిమంది వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

రత్నరాజు కడిగి చూశాడు. లోతుగా ఉంది. అరచేతిలో లోతుగా తెగినప్పుడు అంటించే ముందు వేళ్లు వంచి చూపించమనాలి, వంగకపోతే ప్లాస్టరు ముట్టుకోకుండా ఆస్పత్రికి పంపాలి. మిషను ఆస్పత్రిలో మొదటి నెల్లోనే నేర్పిన పాఠం. వంచమన్నాడు. మిగతావన్నీ వంగాయి. చూపుడు వేలు నిటారుగా నిలబడిపోయింది.

"నొప్పికి వంగట్నేదు బాబూ," అంది కాశమ్మ.

ఆమె మొహంలోకి చూశాడు. ఆమె కూడా ఆయన మొహంలోకే చూస్తోంది. గుమ్మంలో వాళ్లు మెడలు చాచి చూస్తున్నారు. ఎంత నొప్పి ఉన్నా వేలు రవంతైనా కదులుతుంది. ఇది కదల్లేదు. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. మూడు రోజులాగితే నూరు అన్న సంగతీ తెలుసు. నొప్పి తగ్గాక అదే వంగుతుందిలే అని, ఐదు సీతాకోకచిలుకలు కత్తిరించి వరసగా అంటించాడు. అంత చక్కగా అంతకుముందెప్పుడూ అంటించలేదు.

నూరో రోజు సభలో మేనేజరు ఆయనకు శాలువా కప్పాడు. కాశమ్మ తన కేరియరు ఎడంచేత్తో అందుకుంది. ఆదివారం చర్చికి ఆ శాలువా వేసుకోమని భార్య జయమణి అడిగితే, ఉక్కపోస్తుందని చెప్పి పెట్టె అడుగున పడేశాడు.

గాయం అద్దంలా మానింది. వేలు మాత్రం వంగలేదు. నెల తిరిగాక రత్నరాజే ఉండబట్టలేక ఆమెను బస్సెక్కించి పట్నంలో పెద్దాస్పత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు వేలు అటూ ఇటూ తిప్పి, వేలిని లాగే నరాలు తెగి లోపలికి ముడుచుకుపోయాయన్నాడు. తెగిన రోజే తెస్తే కలిపేవాళ్లమనీ, ఇప్పుడు చెయ్యగలిగింది పెద్దగా లేదనీ చెప్పి, కుట్టు గుర్తు లేకపోవడం చూసి ప్లాస్టరు అంటించిందెవరని అడిగాడు.

"నానే అంటించుకున్నాను బాబూ. ఆస్పత్రంటే బయం," అంది కాశమ్మ.

డాక్టరు ఆమెను చెడామడా తిట్టాడు. నీ చెయ్యి నువ్వే పాడుచేసుకున్నావన్నాడు. పక్కనే నిలబడ్డ రత్నరాజు గోడ మీది క్యాలెండరు చూస్తూ ఉండిపోయాడు. తిరుగు బస్సులో ఎందుకలా చెప్పావని అడిగితే, నీ పేరు చెప్తే నీ పని పోదా బాబూ అంది. డాక్టరు ముందు నోరు పెగలనందుకు ఆయన తనను తాను ఎన్నటికీ క్షమించుకోలేదు.

తట్ట అంచు పట్టు దొరక్క కాశమ్మను కాంక్రీటు తడిపే పనిలో వేశారు. మధ్యాహ్నాలు ఆమె అన్నం కలుపుతుంటే ఆ ఒక్క వేలు ఎదటివాళ్లను చూపిస్తున్నట్టు నిలబడేది. రత్నరాజు అటుకేసి వెళ్లడం మానేశాడు. ఆ తరవాత ఏ కాస్త లోతుగా తెగినా ఆస్పత్రికి పంపేసేవాడు. బోర్డు మళ్లీ నలభై దాటలేదు. ముసలాడికి చెయ్యి వణుకుతోందని పనివాళ్లు నవ్వుకున్నారు. ప్రార్థనలో దేవుడికి మాత్రం వారం వారం చెప్పుకునేవాడు. దేవుడికి చెప్పుకోవడం తేలిక, ఆయన ఎదురు ప్రశ్న వెయ్యడు.

ఎనభై తొమ్మిదిలో పని తగ్గి కూలీలు ఊళ్లకు మళ్లారు. వెళ్లొస్తానని చెప్పడానికి కాశమ్మ షెడ్డుకొచ్చింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ లేదని రత్నరాజు లేచి నిలబడ్డాడు.

"ఆ రోజు నీ వేలు వంగంది నొప్పికి కాదని నాకు తెలుసు కాశమ్మా. తెలిసే అంటించాను."

కాశమ్మ తల ఊపింది. ఆశ్చర్యపోలేదు.

"నాకూ తెలుసు బాబూ. నొప్పనమని దారిలో మేస్త్రీ సెప్పాడు, అలాగే అన్నాను. నువ్వు నమ్మట్నేదని నీ మొగం సూస్తే తెలిసిపోనాది. ఆస్పత్రికి పద అంటావని సూసాను. నువ్వే పొమ్మంటే ఎవులూ నన్నేటీ అనలేరు గదా. అంటావని సూసాను, అంతే."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని రత్నరాజు అనుకున్నాడు.