రాసిన వైపు లోపలికి

కత్తెరమ్మ అసలు పేరు హాజరుపట్టీలో ఉంటుంది గానీ, ఆ నీటి సరఫరా ఆఫీసులో దానితో పనిపడిన వాళ్ళు లేరు. ఆఫీసరు నుంచి గేటు దగ్గర కాపలా మనిషి దాకా అందరికీ ఆమె కత్తెరమ్మే. ఉద్యోగం మాత్రం అటెండరుది. గంట ఒకసారి మోగితే ఆఫీసరు గదికి, రెండుసార్లు మోగితే హెడ్ క్లర్కు బల్ల దగ్గరికి పరుగెత్తాలి. టీలు అందించాలి, ఫైళ్ళు మొయ్యాలి. అయితే ఏడాది చివరి సెలవులు ఇంకో పదిహేను రోజులున్నాయనగా ఆమె హోదా అమాంతం పెరిగిపోతుంది. రికార్డు గది తాళంచెవి ఆమె చేతికొస్తుంది. ఈ ఏడు ఏం చేయబోతున్నావంటూ, రోజూ పలకరించని వాళ్ళు కూడా పలకరిస్తారు.

దీనికంతటికీ కారణం ఒక షీల్డు. తక్కువ ఖర్చుతో ఎక్కువ అందంగా అలంకరించుకున్న శాఖకి హెడ్డాఫీసు వాళ్ళు ఏటా దాన్ని ఇస్తారు. తక్కువ ఖర్చు అనే మాట వినగానే ఆ ఆఫీసరుకి ప్రాణం లేచొచ్చింది. దమ్మిడీ ఖర్చు లేకుండా చేసి చూపిస్తానన్నాడు. అన్నట్టే జరిగింది. చేసింది కత్తెరమ్మ, చూపించింది ఆయన.

నిజానికి ఆమె పనితనం చూడాల్సిందే. ప్రింటరు పొడి వచ్చే సంచుల లోపలి వైపు వెండిలా మెరుస్తుంది, దాంతో గంటలు చేసేది. రసీదుల రోల్స్ చివర మిగిలిపోయిన ముక్కలు మెలితిప్పి తోరణాలు కట్టేది. టీ తాగి పారేసిన కాగితం కప్పులు కడిగి, ఆరబెట్టి, వాటికి కిటికీలు కోసి దీపాల బుడ్లు చేసేది. పాత ఫైళ్ళకి కట్టిన ఎర్రదారం ట్యాగులన్నీ విప్పి దాచుకుని వేలాడదీయడానికి వాడేది. జిగురు ఇంట్లో పిండి ఉడికించి తెచ్చుకునేది. ఇక నక్షత్రాలకీ పువ్వులకీ ఒకవైపు రాసి పారేసిన కాగితాలు. ఆ కాగితాల మీద ఏం రాసుందో ఆమె ఏనాడూ చూడలేదు. మందం ఎంత, మడతకి నిలుస్తుందా, పగులుతుందా అన్నదే ఆమెకి కావాలి. అది కళ్ళతో పని లేకుండా వేళ్ళకే తెలిసిపోయేది. రాసిన వైపు లోపలికి పెట్టి మడిస్తే పైకి అంతా తెలుపే.

వరసగా మూడేళ్ళు షీల్డు వచ్చింది. కత్తెరమ్మ ఆ ఆఫీసుకి తలలో నాలుక అయిపోయింది. ఆమె గొంతుకి ఉరి బిగిసింది కూడా సరిగ్గా అక్కడే.

ఆమె భర్త అదే శాఖలో పైపులైను పనివాడు. ఒక వానాకాలం గోతిలోకి దిగినవాడు తిరిగి పైకి రాలేదు. ఆయన పోయాక దయతలచి ఈమెకి ఉద్యోగమిచ్చారు, కాబట్టి మానేసే ప్రశ్నే లేదు. ఒక్కతే కూతురు. పుట్టినప్పటి నుంచీ చెవులు వినిపించవు. అలాంటి పిల్లలకి పాఠాలు చెప్పే బడి ఈ ఊళ్ళో లేదు. బస్సులో అయిదు గంటల దూరాన ఇంకో ఊళ్ళో ఉంది. అదృష్టం కొద్దీ కత్తెరమ్మ చెల్లెలు కాపురం ఆ ఊళ్ళోనే. ఏడేళ్ళ పాపని అక్కడ దింపి వచ్చింది. ఇప్పుడు పాపకి పదకొండు. రెండు వారాలకోసారి, ఆదివారం తెల్లవారకముందే బస్సెక్కి వెళ్ళడం, చీకటి పడేలోగా తిరుగు బస్సెక్కడం. నాలుగేళ్ళుగా ఆమె తల్లితనం ఆ మధ్య గంటల్లోనే నడుస్తోంది.

బడిలో పాపకి చేతులతో మాట్లాడటం నేర్పారు. మొదట్లో అది కత్తెరమ్మకి పండగలా ఉండేది. అన్నం, నీళ్ళు, అమ్మ, నిద్ర. పాప చూపించేది, తల్లి పట్టుకునేది. కానీ పిల్లల నాలుక ఆగదు, ఆ పిల్ల నాలుక చేతుల్లో ఉంది మరి. వెళ్ళిన ప్రతిసారీ వంద కొత్త మాటలు. పాప వేళ్ళు గబగబా కదిలిపోతుంటే కత్తెరమ్మ వాటి వెంటపడి అందుకోలేక నవ్వుతూ తలూపేది. ఏ కాగితాన్నైనా పువ్వు చేయగల చేతులు కూతురి ముందు మొద్దుబారిపోయేవి. కిందటిసారి పాప ఏదో ఏడుస్తూ చెప్పింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. చెల్లెలు వంటింట్లోంచి వచ్చి మధ్యలో నిలబడి చెప్పింది: "స్నేహితురాలు బడి మానేసిందట అక్కా, అదీ సంగతి." తల్లీ కూతుళ్ళ మధ్య ఇంకో మనిషి నిలబడి చెప్పాల్సి వచ్చిందే అని తిరుగు బస్సులో దారిపొడుగునా కుమిలిపోయింది.

చెల్లెలు ఉండే ఊళ్ళో కూడా వీళ్ళ శాఖ ఆఫీసు ఉంది. అక్కడ అటెండరు ఖాళీ కూడా ఉంది. బదిలీ కోసం ఏటా ఒక అర్జీ చొప్పున మూడు అర్జీలు రాసింది. తెల్లకాగితం తీసుకుని, ఎడమవైపు గోటితో రెండుసార్లు నొక్కి మార్జిన్ మడత వేసి, ఉన్న నాలుగు మాటలూ గుండ్రంగా రాసి హెడ్ క్లర్కు చేతికిచ్చేది. ఆయన మంచి మనిషే. కళ్ళద్దాలు పైకి తోసుకుని పూర్తిగా చదివేవాడు, అయ్యో పాపం అనేవాడు, తప్పకుండా పైకి పంపిస్తాననేవాడు. తర్వాత ఎప్పుడడిగినా పైనే ఉందమ్మా అనేవాడు.

పాప కూడా వెళ్ళినప్పుడల్లా ఒకటే అడిగేది. వేలితో తల్లిని చూపించి, నేలని చూపించి, అరచెయ్యి తిప్పేది: నువ్వు, ఇక్కడికి, ఎప్పుడు? ఈ మాటలు మాత్రం కత్తెరమ్మకి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. జవాబుగా చూపుడువేలు పైకెత్తేది. మొదటిసారి పాప ఆ వేలు వెంబడే పైకి చూసి, అక్కడ ఫ్యాను తప్ప ఏమీ కనబడక నవ్వింది.

ఈ ఏడు కూడా రికార్డు గది తాళంచెవి చేతికొచ్చింది. ఆ గదికి కిటికీ ఉంది గానీ దానికి అడ్డంగా ఫైళ్ళ బీరువా పెట్టేశారు. తలుపు గాలికి మూసుకుంటే గడియ బయటే పడుతుంది, లోపల ఉన్నవాళ్ళు ఎవరో వచ్చేదాకా తలుపు బాదుతూ కూర్చోవాలి. అందుకని ఆమె పాత రిజిస్టర్ల కట్ట ఒకటి గడపకి అడ్డం పెట్టుకునేది. మొదటి రోజే హెడ్ క్లర్కు ఒక పెద్ద కట్ట స్వయంగా మోసుకొచ్చాడు.

"ఈసారి నా సొరుగులు కూడా దులిపేశానమ్మా. నీకు కాగితాలకి కరువు ఉండకూడదు" అన్నాడు. ఎంతో ఉపకారం చేసినట్టే అన్నాడు. పాపం, అలాగే అనుకున్నాడు కూడా.

మూడో రోజు మధ్యాహ్నం ఆ కట్టలోంచి ఒక్కొక్క కాగితం తీసి పువ్వులకీ నక్షత్రాలకీ వేరు చేస్తోంది. చూపు ఎక్కడో ఉంది, వేళ్ళే పని చేస్తున్నాయి. ఒక కాగితం దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. ఎడమ అంచున గోటి గీత. పక్కనే ఇంకో గీత. కాగితం తిప్పి చూసింది. తన రాతే. ఈ ఏడాది అర్జీ. దాని కింద కిందటేడాదిది. రెండింటి మీదా అర్జీ అందినట్టు వేసే ఇన్‌వర్డు ముద్ర లేదు, నంబరు లేదు, ఎవరి సంతకమూ లేదు. పైకి వెళ్ళడం మాట దేవుడెరుగు, అవి బల్ల మీంచి సొరుగులోకి తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు.

మరి మొదటిది ఏమైంది? పాత అలంకరణలు దాచిన అట్టపెట్టె దించి నేల మీద గుమ్మరించింది. కిందటేడు నక్షత్రాలు ఒక్కొక్కటే విప్పింది. పదో, పదకొండో విప్పేసరికి దొరికింది. ఒక కోణం లోపల గుండ్రటి అక్షరాలతో "దయచేసి నన్ను" అని ఉంది. అక్కడితో కత్తెర పడింది. మిగతా ముక్కలు ఏ నక్షత్రాల్లో ఉన్నాయో, ఏ చెత్తలో కలిశాయో. తన అర్జీని తన చేత్తోనే కోసి, ఆఫీసరు గుమ్మానికి తనే వేలాడదీసింది. దానికి షీల్డు వచ్చింది. దాన్ని చూసి తను కూడా చప్పట్లు కొట్టింది.

ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

ఇంతలో గంట రెండుసార్లు మోగింది. టీ పట్టుకుని హెడ్ క్లర్కు బల్ల దగ్గరికి వెళ్ళింది. కప్పు పెట్టి, కదలకుండా నిలబడి అడిగింది.

"సార్, నా అర్జీ ఎంతవరకొచ్చింది?"

ఆయన రాస్తున్న కాగితం మీంచి తలెత్తలేదు. "పైనే ఉందమ్మా. నీ పని నేను మర్చిపోతానా?"

ఆ గొంతులో దొంగతనం లేదు, అదే ఆమెని భయపెట్టింది. చెప్పీ చెప్పీ ఆయనే నమ్మేసినట్టున్నాడు. ఇప్పుడు అరిచి గోల చేస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. అయ్యో పొరపాటమ్మా అంటాడు, ఇంకోటి రాసివ్వమంటాడు, ఆ ఇంకోదానికి ఇంకో సొరుగు ఉంటుంది. ఆఫీసరుకి చెప్పుకోవడం గోడకి చెప్పుకోవడమే. ఈ ఆఫీసుకి కళ నీవల్లేనని పోయినసారి ఆయన పదిమంది ముందు అన్నాడు. అంత మెచ్చుకున్న మనిషిని ఎవరు వదులుకుంటారు? చెయ్యడం రానట్టు నటిస్తే, ఈసారి వంకరటింకరగా కత్తిరిస్తే పీడా వదులుతుందేమోనని రెండు రోజులు ప్రయత్నించింది కూడా. చేతులు మాట వినలేదు. పాడుచేద్దామని మొదలుపెట్టిన తోరణం అన్నిటికంటే బాగా కుదిరింది.

షీల్డు తనిఖీకి హెడ్డాఫీసు నుంచి వచ్చిన అతిథికి ఏటా ఒక కాగితం పువ్వు ఇవ్వడం ఆ ఆఫీసు ఆనవాయితీ. దానికి కత్తెర, జిగురు అక్కర్లేదు. ఒకే కాగితాన్ని ముప్ఫై రెండు మడతలు వేస్తే పదహారు రేకులు విచ్చుకుంటాయి. అతిథి దాన్ని హెడ్డాఫీసుకి తీసుకెళ్ళి బల్ల మీద పెట్టుకుంటారు. ఈ సంగతి తలపుకొచ్చాక కత్తెరమ్మ ఈ ఏడాది అర్జీని సాపు చేసి, రాసిన వైపు లోపలికి పెట్టి మడవడం మొదలుపెట్టింది. ఎవరైనా విప్పి చూస్తారన్న ఆశ ఏమీ లేదు. కనీసం ఇలాగైనా పైకి పోతుందని మాత్రం అనుకుంది.

తనిఖీకి ఈసారి ఒక మేడమ్ వచ్చింది. ఆఫీసరు ఆవిడ వెంట తిరుగుతూ ఇది టీకప్పు, అది ప్రింటరు సంచి అని తను చేసినట్టే వివరించాడు. చివర్లో కత్తెరమ్మ పువ్వు అందించింది. మేడమ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"జిగురు లేదే? ఎలా నిలబడింది? మా ఇంట్లో కూడా చేసుకుంటాను, ఒకసారి చూపించండి" అని పువ్వు తిరిగి ఆమె చేతిలో పెట్టింది.

కత్తెరమ్మ బల్ల వైపు చూసింది. కొత్త కాగితం తీసి చూపించవచ్చు. బల్ల మీద కావలసినన్ని ఉన్నాయి. హెడ్ క్లర్కు ఒకటి అందించబోయాడు కూడా. ఆమె అందుకోలేదు.

"విప్పితేనే తెలుస్తుంది మేడమ్" అంది.

ఒక్కొక్క రేకు దించింది. ఒక్కొక్క మడత తెరిచింది. ఇలా మొదట నాలుగు, ఆ పైన ఎనిమిది అని లెక్క కూడా చెప్పింది. చివరి మడత విప్పి కాగితాన్ని బల్ల మీద పరిచి అరచేత్తో సాపు చేసింది. రాసిన వైపు పైకుంది.

మేడమ్ మొదట మడతలే చూసింది. ఆ తర్వాత అక్షరాలు చూసింది. మూడేళ్ళలో కత్తెరమ్మ అర్జీని హెడ్ క్లర్కు తర్వాత చదివిన రెండో మనిషి ఆవిడే. చదవడం అయ్యాక హెడ్ క్లర్కు వైపు తిరిగింది. ఆయన తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూస్తున్నాడు.

"దీనికి నంబరేది?"

ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు.

"ఇది మూడోది మేడమ్" అంది కత్తెరమ్మ. "మొదటిది నక్షత్రంలో ఉంది."

మేడమ్ కాగితం ముందుకు జరిపింది. పదిమంది చూస్తుండగా హెడ్ క్లర్కు ముద్ర వేశాడు. మడతల మీద పడి ముద్ర మూడు ముక్కలైంది, మళ్ళీ వేశాడు. సిఫారసు చేస్తున్నానంటూ ఆఫీసరు సంతకం పెట్టాడు. మేడమ్ ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టుకుని, "చూస్తాం. పైన ఇంకా నాలుగు బల్లలు దాటాలి, మాటివ్వలేను" అంది. షీల్డు మళ్ళీ ఆ ఆఫీసుకే వచ్చింది. సాయంత్రం హెడ్ క్లర్కు ఆమె ముఖం చూడకుండానే, వెళ్ళేలోగా ఆ పువ్వు ఎవరికైనా నేర్పి వెళ్ళమన్నాడు. అందులో కోపం ఎంతో సిగ్గు ఎంతో ఆమెకి తెలియలేదు.

ఆ ఆదివారం బస్సులో అయిదు గంటలూ ఆమె ఒళ్ళో చేతులు కదుపుతూనే ఉంది. తనకొచ్చిన కాసిని మాటలతో జరిగిందంతా ఎలా చెప్పాలో కూర్చుకుంది. పక్క సీటావిడ ఒకటి రెండుసార్లు వింతగా చూసి కిటికీ వైపు జరిగింది.

వెళ్ళగానే పాప, తల్లి తెచ్చిన సంచి వెతికి ఆఫీసులో చేసిన వెండి గంటలు తీసుకుంది. తర్వాత ఎప్పటిలాగే తల్లిని చూపించి, నేలని చూపించి, అరచెయ్యి తిప్పింది. కత్తెరమ్మ కుదురుగా కూర్చుని చెప్పింది. అరచెయ్యి చాపింది, అది కాగితం. మడిచింది, పువ్వు. విప్పింది. పిడికిలి బిగించి అరచేతి మీద కొట్టింది, ముద్ర. ఒకసారి కాదు, రెండుసార్లు కొట్టింది. పాప కళ్ళార్పకుండా చూసింది. చెల్లెలి సాయం లేకుండా ఇంత పెద్ద కబురు చెప్పడం కత్తెరమ్మకి ఇదే మొదలు.

అంతా చూసి పాప కనుబొమలెగరేసి అడిగింది: ఆ కాగితం ఇప్పుడెక్కడ?

కత్తెరమ్మ చెయ్యి సగం లేచి ఆగింది. ఈసారి చెప్పేది నిజం. కానీ నిజం చెప్పడానికి వేరే సైగ ఆమెకి రాదు. చూపుడువేలు పైకెత్తింది.

పాప పైకి చూడలేదు. తల్లిని కాసేపు చూసి, ఆ వేలిని తన పిడికిట్లో పట్టుకుని మెల్లగా కిందికి దించింది.