నీలం తిరిగిన అతుకు

మా వదిన టైటానియం గొట్టాలు అతికి పందెం సైకిళ్లకు ఫ్రేములు చేస్తుంది. ఈ మాట చెప్పినప్పుడల్లా నా ఛాతీ ఉబ్బుతుందని మావాళ్లు ఎగతాళి చేస్తారు. ఉబ్బనీ. విమానాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి వెల్డింగ్ చేసి, అది మూతపడితే ఇంటి వెనక గదిలో సొంత పని పెట్టుకున్న మనిషి ఆవిడ. ఫ్రేము పూర్తయితే చిటికెన వేలికి తగిలించుకుని వంటింట్లోకి తెచ్చి మరీ చూపిస్తుంది.

దానికి రంగు మాత్రం వెయ్యదు. "రంగేస్తే నా అతుకు ఎవరు చూస్తారు?" అంటుంది. ఆ గీర ఆవిడకు చెల్లుతుంది.

ఆ గదిలో ఫ్యాను ఉండకూడదు, కిటికీ తెరవకూడదు. ఎర్రగా కాగిన టైటానియానికి మామూలు గాలి సోకితే పెళుసెక్కుతుంది. అందుకే ఆర్గాన్ వాయువు వదులుతూ దాని చాటున అతుకుతారు. అతుకు వెండిలా మెరిస్తే పని కుదిరినట్టు. నీలం తిరిగిందా, చెడినట్టే.

పోయినేడు తన కూతురి కోసం వదిన ఒక ఫ్రేము మొదలుపెట్టింది. కొండ ఎక్కి దిగే పందెం, అందులో ముందు వచ్చినవాళ్లకే జిల్లా జట్టులో చోటు. అంత తేలికైన ఫ్రేము ఆవిడ అంతకుముందు చెయ్యలేదు. చివరి అతుకు పెడళ్ల దగ్గర, నాలుగు గొట్టాలు కలిసే చోట. చెమటతో తడిసి ముద్దవుతున్న కోడల్ని చూసి మా అమ్మకు కడుపు తరుక్కుపోయింది. హాల్లోంచి టేబుల్ ఫ్యాను తెచ్చి, తలుపు తీసి, కోడలి వైపు తిప్పి పెట్టింది.

వదిన ముసుగు తీసి చూస్తే అతుకు అడుగున బొటనవేలంత మేర నీలం.

"నా చేతులిరగ! నేనే పాడుచేశానే!" అంటూ అమ్మ లబోదిబోమంది.

"మీరు కాదత్తయ్యా. గాలి తగలడం నాకు తెలిసింది. హాయిగా ఉంది కదాని ఒక్క క్షణం ఊరుకున్నా. తప్పు నాది," అంది వదిన.

పిల్ల బతిమాలింది. "అడుగునే కదమ్మా, ఎవరికీ కనబడదు. కాస్త రుద్దెయ్యి. పందెం ఎల్లుండే!"

"రుద్దితే రంగు పోతుందే, పెళుసు పోదు."

నేనూ పిల్ల వైపే వకాల్తా పుచ్చుకున్నాను. వదిన నా మాట చెవినేసుకోలేదు. రంపం తీసుకుని ఆ అతుకును అడ్డంగా కోసేసింది. పిల్ల తన గదిలోకి పోయి తలుపు ధడాలున వేసుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

కొత్తది మళ్లీ అతికే వ్యవధి లేక, పందెంలో పాత ఇనప సైకిలే తొక్కింది. ఎక్కుడులో వెనకబడింది. దిగుడులో దూసుకొచ్చి కొందరిని దాటింది. అయినా ఒక్క స్థానం తేడాతో జట్టులో చోటు చేజారిపోయింది.

గీత దాటి రొప్పుతుంటే, ఇంకో పోటీదారు తండ్రి వచ్చి జాలిపడ్డాడు. "మీ అమ్మే ఫ్రేములు చేస్తుంటే ఈ ఇనప బండేంటమ్మా?"

"కొత్తదాని అతుకు చెడిందంకుల్. అమ్మ కోసేసింది."

"అయ్యయ్యో! ఒక్క రోజుకి ఏమైపోతుంది? ఎవరు చూడొచ్చారు?"

పిల్ల హెల్మెట్ తీసి ఆయన్ని ఎగాదిగా చూసింది. "మా అమ్మ చూసింది. ఆ దిగుడులో దాని మీద ఉండేది నేను కదంకుల్."

వదిన నా పక్కనే నీళ్ల సీసా పట్టుకుని నిలబడి అంతా వింది. నేను ఆవిడ వైపు తిరగలేదు. తిరిగితే అంత జనంలోనూ ఇద్దరం బావురుమనేవాళ్లం.