ఎడమవైపు కుంగే కారు

సుభాష్‌పల్లిలో మా పక్కింటాయన వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన పాత చిన్న కారుకు స్ప్రింగులు లేవు. చక్రాల దగ్గర తిత్తుల్లో నింపిన ద్రవమే బండిని మోసేది. భార్య పోయాక ఆ కారు ఎడమవైపు, ఆవిడ కూర్చునే వైపు, కుంగడం మొదలైంది.

ఆయన పంపుతో ద్రవం ఎక్కించి లేపేవాడు. అంతకుముందు ఎడమ తలుపు తీసి, ఎవరో దిగాలన్నట్టు కాసేపు ఆగేవాడు.

"లీకు దాదా, సెప్పినాను గదా. ఆ నీళ్లు తీయించీసి రబ్బరు దిమ్మలేయించీ. పీడా పోతాది," అన్నాను ఒకసారి.

"లీకు కాదప్పా. ఆవిడ కూకుంది. రబ్బరేస్తే నాకెలాగ తెలుస్తాది?"

అలాంటి మాటలు నాకు గిట్టవు. ఒకనాడు ఆయన చూడకుండా బండి కింద పాత పేపర్లు పరిచాను. తెల్లారేసరికి బండి కుంగింది. పేపర్లు మాత్రం పొడిగా ఉన్నాయి. మడిచి దాచుకున్నాను. ఆయనకు చెప్పలేదు.

మొన్న చలికాలంలో ఆయనా పోయాడు. దినకార్యాలు అయ్యాక కొడుకు బండి అమ్ముదామని మలంచా నుంచి మెకానిక్‌ను తెచ్చాడు. ఇప్పుడు ఆయన కూర్చుని నడిపే కుడివైపు కూడా కుంగి, బండి సమంగా ఉంది. కింద నేల పొడిగానే ఉంది. మెకానిక్ పంపు తగిలించబోయాడు.

"ఉండు బాబూ," అన్నాను.

ముందుగా రెండు తలుపులూ తీసి, దారి వదిలి నిలబడ్డాను.