సపోర్టు అన్న మాట

మా వదినకు ఆసుపత్రిలో ఉద్యోగం తెచ్చిపెట్టింది ఇంగ్లీషు కాదు, ఒడియా. ఆమె పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లాలో, ఒడిశా సరిహద్దును ఆనుకుని ఉంటుంది. అందుకని తెలుగు, ఒడియా రెండూ చిన్నప్పటినుంచీ వచ్చు. పెళ్లయి రాయపూర్ వచ్చాక కూరగాయల బళ్ల దగ్గర హిందీ పట్టుబడింది. మా అన్నయ్య సిల్తారాలో స్టీలు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. నేను వాళ్లింట్లో ఉండి ఇంగ్లీషు బి.ఏ. చదివేదాన్ని. రాయపూర్ రాజధాని అయిన కొత్తలో శంకర్ నగర్ వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రి వచ్చింది. మూడు భాషలు మాట్లాడే మనిషి కావాలని వదినను తీసుకెళ్లి 'మే ఐ హెల్ప్ యూ' అన్న బోర్డు కింద కూర్చోబెట్టారు.

"బోర్డు మీదున్న ముక్కే సరిగ్గా తెలీదు, నన్ను కూకోబెట్టీసినారు. నేర్పు, అమ్మీ" అంది మొదటి రోజు ఇంటికి రాగానే.

రాత్రి వంట చేస్తూ హెల్ప్, అసిస్ట్, సపోర్ట్ అన్నీ అడిగేది. తెలియనిది తెలియదని చెప్పడానికి ఆమెకు ఎప్పుడూ మొహమాటం లేదు. ఒకసారి ఆసుపత్రివాళ్లు విందు పెట్టారు. వదిన ఆకలితో తిరిగొచ్చి కుండలో అన్నం వెతుక్కుంది.

"ఏం, అక్కడ తినలేదా?" అన్నాను.

"పెద్ద డాక్టరుగారు 'హెల్ప్ యువర్‌సెల్ఫ్' అన్నారు. ఎవరి సాయం ఆళ్లే సూసుకోమన్నారు గావాలని వొచ్చీసినాను."

వడ్డించుకుని తినమని దాని అర్థం అని చెబితే, నాకంటే ముందు తనే పగలబడి నవ్వింది. మర్నాడు డాక్టరుగారికి కూడా చెప్పి నవ్వించిందట.

ఆ ఏడాది వానాకాలంలో, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిన ఒక కూలీని ఆ ఆసుపత్రికి తెచ్చారు. పలాస వైపునుంచి వచ్చినవాళ్లు. భార్యకు హిందీ రాదు. నేను వదినకు మధ్యాహ్నం క్యారేజీ తీసుకెళ్లేసరికి ఆ అమ్మాయి కౌంటర్ దగ్గర నిలబడి, వదినను అక్క వరసలో పిలుస్తూ తేలిగ్గా మాట్లాడుతోంది.

"డాక్టర్లు మావోడికి సపోర్టు సేత్తన్నారట, అప్పా. ఆళ్లు మన పక్కనుంటే ఇంకేటి బెంగ?"

భర్తతో వచ్చిన తోటి పనివాడు 'సపోర్ట్ పే రఖా హై', అంటే సపోర్టు మీద ఉంచారని హిందీలో చెప్పాడట. మన ఇళ్లలో సపోర్టు చేయడమంటే ఒకరి పక్షాన నిలబడడం. హిందీ రాని ఆమె ఆ ఒక్క మాటే పట్టుకుని అలాగే అర్థం చేసుకుంది. వదిన లోపలికి వెళ్లి డాక్టరును అడిగి వచ్చింది. కౌంటర్ వదిలి, ఆ అమ్మాయిని బల్ల మీద కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చుంది.

"సూడు, సెల్లీ. మీ ఆయన సొంతంగా ఊపిరి తీసుకోలేకపోతన్నాడు. మిషను పెట్టి ఊపిరి ఆడిత్తన్నారు. దాన్నే ఈళ్లు సపోర్టు అంతారు. కష్టంగానే ఉంది. కానీ ఆశుందని డాక్టరుగారు సెప్పినారు."

ఆ అమ్మాయి గట్టిగా ఏడ్చింది. వదిన ఊరుకోమనలేదు. ఏడుపు తగ్గాక, అనుమతి తీసుకుని లోపలికి నడిపించి భర్తను చూపించింది. ఆ తర్వాత రోజూ డ్యూటీ ఎక్కగానే డాక్టరును అడిగి, ఉన్నది ఉన్నట్టు ఆమెకు చెప్పేది. బాగాలేని రోజున కూడా దాచలేదు.

ఒక ఉదయం ఆయా బయటికి వచ్చి, "సపోర్ట్ హటా దియా" అంది. ఇన్నాళ్లలో ఆ అమ్మాయికి హిందీలో ఆపాటి మాటలు తెలిశాయి. మిషను తీసేశారంటే మనిషి పోయాడనుకుని, గోడకు జారబడి కేక పెట్టింది. వదిన పరుగెత్తుకెళ్లి ఆమె రెండు భుజాలూ పట్టుకుంది.

"పోలేదే, పిచ్చిదానా! ఇప్పుడే డాక్టరుగారిని అడిగొచ్చినాను. అతనే ఊపిరి తీసుకుంతన్నాడు, ఇంక మిషను అక్కర్లేదని తీసీసినారు!"

ఆ అమ్మాయి నమ్మలేదు. వదిన లోపలికి తీసుకెళ్లాక, దుప్పటి కింద అతని ఛాతీ లేచి దిగడం చూసి నమ్మిందట. సాయంత్రం ఇంటికొచ్చి వదిన ఈ సంగతంతా చెప్పింది. నేను పరీక్షల కోసం హెల్ప్, సపోర్ట్ లాంటి మాటలకు అర్థాలు కంఠతా పట్టినదాన్ని. ఒక్కో మాట వినేవాళ్ల గుండెలో ఎక్కడ తగులుతుందో చూసి మాట్లాడడం వదిన దగ్గరే నేర్చుకున్నాను.

వాళ్లు ఇంటికి వెళ్లేరోజు నాకు సెలవు. వదిన ఆటో పిలిచింది. అతను గోడ పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. ఆటో ఎక్కబోతూ తూలితే నేను చెయ్యి అందించబోయాను. వదిన నా మోచెయ్యి పట్టి ఆపింది.

"ఉండు, ఎక్కనీ."

అతను కడ్డీ పట్టుకుని, కాస్త ఆగి, తనంతట తనే ఎక్కి కూర్చున్నాడు.