మామ రుమాలు, నా పెళ్లి చీర

1968 జనవరి 22, సోమవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు నాకొక గొప్ప ఉపాయం తట్టింది. మూడూ నలభైకి నా పెళ్లి పట్టుచీర బోధన్ రోడ్డు మీద ఊరేగింది. మధ్యలో జరిగింది చెబుతాను. నవ్వితే ఏమీ అనుకోను. నేనే నవ్వడానికి రెండేళ్లు పట్టింది.

మా మామ ముప్పై ఏళ్లు చక్కెర ఫ్యాక్టరీకి చెరకు బండి తోలిన మనిషి. ముసలితనంలో ఆయన మతి, ఫ్యాక్టరీ నంబరు కోసం రోడ్డు మీద కాచుకునే ఆ బండ్ల వరుసలోనే ఆగిపోయింది. ఇప్పుడు డాక్టర్లు దానికి డిమెన్షియా అని పేరు పెట్టారు. అప్పట్లో మాకు పేరు తెలియదు, పాట్లు మాత్రం తెలుసు. మూడు కాగానే ఫ్యాక్టరీకి బయలుదేరేవారు. అంతకు ముందు నెల అలాగే వెళ్లి, నిజాంసాగర్ కాలువ గట్టున నీళ్లకు రెండడుగుల దూరంలో దొరికారు. అందుకే మా ఆయన నిజామాబాదులో ఉద్యోగానికి వెళుతూ రోజూ ఒకటే మాట అనేవారు.

"బాపును గడప దాటనియ్యకు. అయిదున్నర బస్సుకు నేనొస్త."

అంటే నూట యాభై నిమిషాలు ఆ ప్రాణం నా చేతిలో. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. తారీఖు చెబితే ఎంతటివాళ్లయినా దారికొస్తారని నా గట్టి నమ్మకం.

"కోడలా, ఎడ్లను కట్టుమను. లైన్ల నంబరు పోతది," అన్నారు మామ ఆ రోజు.

"ఎడ్లేడియి మామా? అరవై ఒకటిల అమ్మితిరి. ఏడేండ్లు కావచ్చె."

"నిన్ననే కుడితి పెట్టిన గదనే! మీ అత్తను సద్ది కట్టుమను."

"అత్తమ్మ పోయి నాలుగేండ్ల రెండు నెలలాయె."

లెక్క సరిగ్గానే ఉంది. మామ మొహం మాత్రం ఆ కబురు అప్పుడే విన్న మొహమైంది. "నాకెవ్వరు చెప్పకపోతిరేందే?" అన్నారు మెల్లగా. నేను అక్కడే ఆగాల్సింది. ఆగితే ఈ కథ ఎందుకుంటుంది?

రెండు నిమిషాల్లో అది మరిచిపోయి మళ్లీ లేచారు. అప్పుడు తట్టింది ఉపాయం. తలకు రుమాలు చుట్టకుండా ఆయన వాకిలి కూడా దాటరు. రుమాలు లేకపోతే ప్రయాణమే లేదు! దాన్ని బియ్యం డబ్బాలో దాచి, పొయ్యి మీద పాలు పెట్టి, విజయగర్వంతో బయటికొచ్చాను. ఇల్లలకగానే పండుగ కాదన్నట్టు, రుమాలు దాచగానే పెద్దమనిషి ఆగడు. మామ లేరు. ఎండకు దండెం మీద వేసిన నా ఆకుపచ్చ పెళ్లి చీరా లేదు.

ఒక చెప్పుతోనే పరుగెత్తాను. వీధి చివర బోధన్ రోడ్డు మీద చెరకు బండ్లు బారులు తీరి ఉన్నాయి. రెండు బండ్ల నడుమ, గడ్డివాము నెత్తికెత్తుకున్నట్టు, ఆరు గజాల పట్టు తలకు చుట్టుకుని మామ నిలబడ్డారు.

"మామా, ఇంటికి నడువుండ్రి! ఈ యేడు మనకు చెరుకే లేదు! పొలం కౌలుకిచ్చి మూడేండ్లు!"

మామ బండ్లవాళ్ల వైపు తిరిగారు. "ఎవలే ఈమె? లైన్ల చొరబడుతుంది!"

ఇంకేముంది? ఆ రోడ్డు మీద ఖూనీకైనా క్షమాపణ ఉంటుంది కానీ లైను దాటితే లేదు.

"ఎనకకు పో అమ్మా! పొద్దుగాల నుంచి ఉన్నం మేము."

"నేను ఆయన కోడల్ని!"

"కోడలైతేంది, కొత్వాలైతేంది? నీ బండేది? చెరుకేది?"

లైనులోనే మామ వెనక నిలబడ్డాను. అంతలో వెనకున్న ఎద్దు, వేలాడుతున్న పచ్చని కొంగును చెరకు ఆకు అనుకుంది. దాని తప్పేమీ లేదు. అది నమలడం మొదలుపెట్టింది, నేను లాగాను, మామ తల మీది గడ్డివాము గిర్రున తిరిగింది.

అప్పుడొక ముసలి బండాయన కిందికి దిగి, మామ మొహంలోకి ఒక్క క్షణం చూశాడు.

"పటేలా, నీ నంబరు ఇయ్యాల రాదు. రేపట. ఇంటికి పోయి సద్ది తిను."

"గట్ల చెప్పొచ్చు గద!" అన్నారు మామ, హాయిగా. "గీమె ఎప్పటిసంది తారీఖులే చెప్పవట్టె." తరువాత నన్ను చూసి జాలిపడి, చెయ్యి పట్టుకున్నారు. "నడువు బిడ్డా. నీ నంబరు గూడ రేపే."

మరునాటి నుంచి మూడు కాగానే జొన్నరొట్టె మూటగట్టి, "మామా, నంబరు రేపట," అనేదాన్ని. ఆయన అరుగు మీద కూర్చుని సద్ది తినేవారు. ఆయన పోయిన రోజు, 1970 ఏప్రిల్ 11 దాకా, రోజుకొకటి చొప్పున ఎనిమిది వందల పది అబద్ధాలు. ఆయన మళ్లీ కాలువ దాకా వెళ్లలేదు.

కనుక నిజాంసాగర్ నీళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మతి మరచిన మనిషికి ఇక ఈ జన్మలో తారీఖు చెప్పను, ఎవరి రుమాలూ దాచను.

ఆనాటి నష్టం: పట్టుచీర కొంగు, మూరెడు. పొంగిపోయిన పాలు, లీటరు. ఎడమ కాలి చెప్పు, ఒకటి. నా మాటే నిజమన్న పట్టుదల, సగం.