ముసిముసి వాన

తెలుగు బుడగకు పొట్ట పెద్దది. కామిక్స్ ఎడిటర్‌గా నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది. బొమ్మలో మనిషి నోటి పక్కన గీసే మాటల బుడగలో ఇంగ్లీషు అక్షరాలు బుద్ధిగా వరసలో కూర్చుంటాయి. మనవి అలా కాదు. గుడులు నెత్తికెక్కుతాయి, వత్తులు కిందికి వేలాడతాయి. అందుకని బుడగైనా పెంచాలి, మాటైనా తగ్గించాలి. నేనెప్పుడూ మాటే తగ్గించేవాణ్ణి. విజయవాడలో పిల్లల పత్రికలో పనిచేసినన్నాళ్ళూ రచయితలు నన్ను కసాయివాడు అనేవాళ్ళు. నా ఎదురుగా కాదనుకోండి.

మా ఆవిడకు డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చి ఆ ఊరి శివార్లలో, లూకన్‌లో కాపురం పెట్టాక, నా ఆఫీసు వంటింటి బల్ల మీదికి మారింది. పత్రిక వాళ్ళు పంపే బొమ్మల కథల్ని ఇక్కణ్ణుంచే దిద్ది పంపుతాను. ఈ దేశంలో అల్మరాను ప్రెస్ అంటారు. ఆ సంగతి నాకెవరు చెప్పారు? వచ్చిన కొత్తలో పక్కింటావిడ, మా అమ్మాయికి ఇవ్వడానికి పుస్తకాలున్నాయనీ, ప్రెస్‌లో ఉన్నాయనీ అంది. అచ్చులో ఉన్నవాటికి తొందరేముంది, నెలలు పడుతుంది కదా, నిదానంగా ఇవ్వండి అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, లోపలికెళ్ళి అల్మరా తలుపు తీసి, నిమిషంలో తెచ్చి చేతిలో పెట్టింది. ప్రింటింగ్ ప్రెస్సుల చుట్టూ తిరిగి చెప్పులరగదీసుకున్నవాడికి ఆ మాటకు ఇంకో అర్థం ఉంటుందని ఎలా తడుతుంది?

నాకు చిన్న పుస్తకాలంటే పిచ్చి. ఒక ఏ4 కాగితాన్ని మూడుసార్లు మడవండి. విప్పి, నడిమి మడత మీద కత్తెరతో ఒక్క గాటు పెట్టండి. రెండు కొసలూ పట్టుకుని లోపలికి నెట్టండి. ఎనిమిది పేజీల పుస్తకం లేచి నిలబడుతుంది. జిగురు లేదు, పిన్ను లేదు. ఎన్నిసార్లు చేసినా, కాగితం కాస్తా పుస్తకమైపోయే ఆ క్షణంలో నా ఒళ్ళు జలదరిస్తుంది. అరచేతిలో ఇమిడేదానికి అట్ట ఉంది, మొదలుంది, చివరుంది. పేజీ తిప్పితే ఏమవుతుందోనన్న ఆత్రం కూడా ఉంది. అదంతా అంత కాగితంలో ఎక్కడ దాక్కుందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

మా లైబ్రరీలో ఒక శనివారం ఇలాంటి చిట్టి పుస్తకాలకు బల్ల వేస్తున్నామనీ, ఎవరి భాషలో వాళ్ళు చేసి తెచ్చి పంచుకోవచ్చనీ చెప్పారు. కథ నేను రాస్తా, బొమ్మలు నువ్వెయ్యమ్మా అన్నాను మా అమ్మాయితో. దానికి తొమ్మిదేళ్ళు, బొమ్మలంటే ప్రాణం. సరేనంది, ఇంగ్లీషులో.

ఇంగ్లీషులో అన్న ముక్క ఊరికే రాయలేదు. చిన్నప్పుడు ఇక్కడి తెలుగువాళ్ళ ఉగాది సభలో మైకిస్తే, "అత్త పిల్లికి ఇండియా వెళ్ళాం" అంది. పెళ్ళి అనబోయింది పాపం. హాలంతా ఘొల్లుమంది. ముద్దొచ్చే నవ్వారు, ఎవర్నీ అనడానికి లేదు. కానీ ఆ రోజు నుంచి దాని నోట తెలుగు లేదు. మేము అడిగేవన్నీ అర్థమవుతాయి, జవాబు మాత్రం ఐరిష్ యాసలో వస్తుంది. అన్నం కావాలా అంటే "అయామ్ గ్రాండ్" అంటుంది, ఇక్కడి లెక్కలో అక్కర్లేదని. మాటలు అమ్ముకుని బతికే నా ఇంట్లోనే మాట ఆగిపోయిందని నాకు బాధ. దానంతటది ఒక్క తెలుగు మాట అంటే చాలని ఉండేది.

కథ ఒక నత్తది. అది వానలో మా ఇళ్ళ మధ్య పచ్చిక దాటి బడికి వెళ్తుంది, ఇల్లు వీపున వేసుకుని. డబ్లిన్‌లో అద్దె గొడవ లేని ప్రాణి అదొక్కటే అంటుంది మా ఆవిడ. వాన పేజీలో చప్పుడు మాట ఒకటి కావాలి. కామిక్స్‌లో వాన ఊరికే పడదు, చప్పుడు చేస్తూ పడాలి. చిటపట అని రాశాను. అమ్మాయి మూతి విరిచింది. అది తాలింపులో ఆవాల చప్పుడట. ఇక్కడి వాన అసలు చప్పుడే చెయ్యదట. టపటప అన్నాను, జలజల అన్నాను. తల అడ్డంగా ఊపుతూనే ఉంది. దానిదీ నిజమే. ఇక్కడి చినుకు చెవికి తెలియదు, కళ్ళద్దాలకు తెలుస్తుంది. నా దగ్గరున్నవన్నీ మన వానల చప్పుళ్ళు. ఆ చోటు ఖాళీగా వదిలేసి టీ పెట్టుకోడానికి లేచాను.

కప్పుతో తిరిగొచ్చేసరికి ఖాళీ నిండి ఉంది. నీలం రంగులో, నేనెప్పుడో దిద్దించిన తెలుగు అక్షరాల్లో, వంకరగా: ముసిముసి.

నా చెయ్యి దానంతటదే ఎర్ర పెన్ను మూత తీసింది. ముసిముసి అనేది నవ్వుకే చెల్లుతుంది, వానకైతే ముసురు. నిద్రలో లేపినా దిద్దుతాను ఆ తప్పు. రెండూ ఎలా కలిసిపోయాయో కూడా తెలుసు. మా ఆవిడ రోజూ పొద్దున్నే కర్టెన్ లాగి "మళ్ళీ ముసురు పట్టింది" అని విసుక్కుంటుంది. ఈ పిల్ల చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వితే "ఏంటే ఆ ముసిముసి నవ్వులు" అని ఆటపట్టిస్తుంది.

"ఇదేంటమ్మా?" అన్నాను.

అది వాన మాట అంది, ఇంగ్లీషులోనే. అమ్మ రోజూ అనేదేగా. ముసిముసి అంటే నోరు మూసుకుని నవ్వడం కదా, ఇక్కడ వాన చేసేదీ అదే కదా అంది, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

కిటికీలోంచి చూశాను. పడుతోందో లేదో తెలియనంత సన్నగా పడుతోంది. ఎదురింటి కారు మెరుస్తోంది. పచ్చిక మీద కాకి తడుస్తున్న సంగతే పట్టించుకోకుండా నడుస్తోంది. పెదవి విప్పకుండా తనలో తను నవ్వుకుంటున్నట్టే ఉంది ఆ వాన. ఇలాంటి రోజును పక్కింటావిడ సాఫ్ట్ డే అంటుంది, మెత్తటి రోజన్నమాట. ఇన్నేళ్ళూ ఈ వానలో తడుస్తూ, దీనికి తనదంటూ తెలుగులో ఒక పేరు లేదన్న సంగతే నాకు తట్టలేదు. ఈ పిల్లకు రెండు మాటలు కలగాపులగమై ఆ పేరు దొరికేసింది. మాట పుట్టడం ఇంత దగ్గర్నుంచి నేనెప్పుడూ చూడలేదు. పెన్నుకు మూత పెట్టేశాను.

శనివారం లైబ్రరీ బల్ల మీద మా చిట్టి పుస్తకాలు నిలబెట్టాం. గొడుగు పట్టుకుని ఒక తెలుగావిడ వచ్చింది, మాకు తెలిసినామె కాదు. ఒకటి తీసి పేజీలు తిప్పుతూ వాన దగ్గర ఆగింది.

"వాన ముసిముసి ఏందమ్మా? అది నవ్వుకు గదా. తప్పు పడ్డట్టుంది," అని నవ్వింది.

ముద్దుకే నవ్వింది, ఆ రోజు హాల్లో నవ్వినట్టే. అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. నా చొక్కా అంచు పట్టుకుంది. ఇక అయిపోయింది, దీని నోరు మళ్ళీ తెరుచుకోదు అనుకున్నాను. ఆవిడకు ఏదో సర్దిచెప్పబోయాను.

"తప్పు కాదు ఆంటీ," అంది అమ్మాయి. "ఇక్కడ వాన నవ్వుద్ది. నోరు మూసుకుని."

తెలుగులో. నేను కదిలితే ఎక్కడ ఆగిపోతుందోనని అలాగే నిలబడ్డాను.

ఆవిడ అద్దాల తలుపు వైపు తిరిగి కాసేపు బయటికి చూసింది. పుస్తకాన్ని కోటు జేబులో పెట్టుకుని బయల్దేరింది. తలుపు దగ్గర ఫోను మోగింది.

"ఆఁ అక్కా, ఈడ వాననే," అంది బయటికి అడుగుపెడుతూ. "పెద్దగేం లేదు. ముసిముసిగ పడ్తున్నది."

గొడుగు తెరవకుండానే వెళ్ళిపోయింది.

"నాన్నా, విన్నావా?" అంది మా అమ్మాయి.